కొలత తెలిసిన చిత్రకారుడు – దామెర్ల రామారావు గారు

ఆంధ్రదేశంలో పుట్టిన పేరుపొందిన చిత్రకారులలో దామెర్ల రామారావు గారు ఒకరు. వీరు 1897వ సంవత్సరం మార్చి 8వ తేదీన రాజమండ్రిలో జన్మించారు. 1925వ సంవత్సరం ఫిబ్రవరి 6వ తేదీన చనిపోయారు. లెక్క వేసుకోండి. 28 సంవత్సరాలు కూడా నిండలేదు. మనకు కొత్తగా వచ్చే టీచర్ల వయసు అంతే ఉంటుంది. ఆ కాస్త వయసులోనే వీరు తైలవర్ణ చిత్రాలు 30కి పైగా, నీటిరంగుల చిత్రాలు 100కి పైగా వేశారు. పెన్సిలు బొమ్మలు నింపిన పుస్తకాలే పాతికకు పైన ఉన్నాయి. మనం ఒక్క డ్రాయింగు పుస్తకం ఏడాదికి పూర్తి చెయ్యం.

ప్రతిసారీ గోడ పత్రికలో నాయకుల జీవిత చరిత్రలే వస్తున్నాయి. ఈసారి బొమ్మలేసే ఆయన గురించి రాస్తానని నేనే అడిగి తీసుకున్నాను. అందరూ చదవండి. ముఖ్యంగా బొమ్మ రాదు, చెయ్యి తిరగదు అని ఏడ్చేవాళ్ళు చదవండి.

వీరు పుట్టిన ఏడాదే రాజమండ్రిలో ఇంకొకటి కూడా మొదలైంది. అదే గోదావరి మీద పాత రైలు వంతెన. దాన్ని హేవలాక్ వంతెన అంటారు. 1897 నవంబరులో పని మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైళ్ళు వదిలారు. మొత్తం 56 ఖానాలు. మన బిట్రగుంట మీదుగా హౌరా పోయే రైళ్ళన్నీ గోదావరి దాటాల్సిందే. 1997 దాకా ఆ పాత వంతెన మీద బండ్లు నడిచాయి. ఇప్పుడు పక్కన కట్టిన వేరే వంతెనల మీద పోతున్నాయి. రామారావు గారు పసిపిల్లవాడుగా ఉన్నప్పుడు ఆ వంతెన కూడా పెరుగుతూ ఉండింది. ఆ వంతెన పొడుగునా చూస్తే దగ్గరి ఖానా పెద్దగా, దూరంది చిన్నగా, చివర్న చుక్కలాగా కనిపిస్తుంది. అది మన స్టేషన్లో పట్టాల దగ్గర కూడా తెలుస్తుంది, దాని సంగతి కింద చెపుతాను.

చిన్నప్పటి నుంచి వీరికి బొమ్మల పిచ్చి. ఆ కాలంలో బొమ్మలు వేస్తే కూడు పెడతాయా అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఈ కాలంలో కూడా అంతే అనుకోండి. కానీ వీరికి ఒక మంచి గురువు దొరికాడు. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లీషు దొర. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలకు 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఆయన స్వయంగా బొమ్మలేస్తాడు, పుస్తకాలు రాస్తాడు. దొరలందరూ మనవాళ్ళని చిన్నచూపు చూసే రోజుల్లో ఈయన మాత్రం తెలుగు కుర్రవాళ్ళని దగ్గరకు తీసి, మీ దేశం బొమ్మలు మీరు చూసుకోండని అజంతా గుహల గురించి చెప్పేవాడంట. తర్వాత పెద్ద రచయిత, చిత్రకారుడు అయిన అడివి బాపిరాజు గారు కూడా ఈయన శిష్యుడే. రామారావు గారి ప్రాణస్నేహితుడు వరదా వెంకటరత్నం గారు కూడా ఆ గుంపులో వాడే.

కూల్డ్రే దొర రామారావు గారి చేతిని చూసి, ఇక్కడ నేను నేర్పింది చాలదు అని 1916లో బొంబాయి పంపించాడు. అక్కడ సర్ జంషెట్జీ జీజీభాయ్ చిత్రకళాశాల ఉంది. అందరూ జేజే స్కూలు అంటారు. 1857లో పెట్టిన బడి అది. అక్కడ ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ గారు వీరి బొమ్మలు చూసి మొదటి రెండు తరగతులు అక్కర్లేదని ఏకంగా మూడో ఏడాదిలో చేర్చుకున్నారంట. రాజమండ్రి యాడ, బొంబాయి యాడ! అక్కడ భాష వేరు, తిండి వేరు. నేను ఆరో తరగతిలో ఇక్కడికి వచ్చినప్పుడు మా వూరు 30 కిలోమీటర్లే, అయినా వారం రోజులు అన్నం సహించలేదు. వీరు నాలుగేళ్ళు ఉండి 1920లో చదువు పూర్తి చేశారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ బళ్ళో ఏం నేర్పేవారు? ముందుగా రంగులు ఇవ్వరు. గ్రీకు దేశపు విగ్రహాలకు తెల్లటి ప్లాస్టరు అచ్చులు తీసి పెట్టి ఉంటారు. వాటిని చూసి ఉన్నది ఉన్నట్టు గీయాలి. ముక్కు వంక ఎంత, భుజం వాలు ఎంత అని రోజుల తరబడి ఒకే విగ్రహం ముందు కూర్చోవాలి. తర్వాత గ్లాడ్‌స్టన్ సాల్మన్ అనే కొత్త ప్రిన్సిపాలు వచ్చాక, 1919లో, బతికున్న మనుషుల్ని కూర్చోబెట్టి చూసి గీసే తరగతి పెట్టారు. విగ్రహమైతే కదలదు. మనిషి కదులుతాడు, ఊపిరి పీలుస్తాడు, కాలు తిమ్మిరెక్కితే మార్చుకుంటాడు. అందుకని అది ఇంకా కష్టం. రామారావు గారి చివరి రోజుల చదువు ఈ మార్పు వచ్చిన కాలంలోనే జరిగింది.

చూసి గీసేదానికి కొలతలు ఉన్నాయని మనలో చాలా మందికి తెలియదు. బొమ్మ అనేది దేవుడిచ్చిన వరం, కొందరికి వస్తుంది కొందరికి రాదు అనుకుంటాం. కొంత నిజమే కావచ్చు. కానీ కొలత మాత్రం ఎవరికైనా వస్తుంది. మా డ్రాయింగు మేడమ్ నేర్పించినవి, నేను చేసి చూసినవి రాస్తున్నాను.

మొదటిది పెన్సిలు కొలత. పెన్సిలు పట్టుకుని చెయ్యి పూర్తిగా చాపాలి. మోచెయ్యి వంగకూడదు. వంగితే ఒక్కోసారి ఒక్కో కొలత వస్తుంది, అంతా తప్పు. ఒక కన్ను మూయాలి. పెన్సిలు కొన మనిషి తల పైభాగానికి పెట్టి, బొటనవేలు గడ్డం దగ్గరికి జరపాలి. అది ఒక తల. ఆ కొలత అట్టాగే ఉంచి కిందికి దించుకుంటూ మొత్తం మనిషి ఎన్ని తలలో లెక్క పెట్టాలి. పెద్దవాళ్ళు ఏడు, ఏడున్నర తలలు ఉంటారు. ఏడాది పిల్ల నాలుగు తలలే. మా డార్మెట్రీలో అందర్నీ నిలబెట్టి కొలిచాం. ఆరో తరగతి పిల్లలు ఆరు, ఆరున్నర తలల దగ్గర వచ్చారు. ఇందులో సెంటీమీటర్లతో పని లేదు. ఇది ఎంత అని కాదు, దీనికి అది ఎన్ని రెట్లు అని మాత్రమే చూడాలి. లెక్కల్లో నిష్పత్తి అని చెప్పారే, అదే ఇది.

రెండోది కళ్ళు ఎక్కడ పెట్టాలి అనేది. మనం అందరం కళ్ళు నుదుటి పైన యాడో పెడతాం, ఎందుకంటే జుట్టు లెక్కలోకి తీసుకోం. నిజానికి తల పైనుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సరిగ్గా సగంలో ఉంటాయి. నమ్మకపోతే పక్కనున్న పిల్ల మొహం మీద దారం పెట్టి చూసుకోండి. ఒక కంటికీ ఇంకో కంటికీ మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉంటుంది.

మూడోది గుండు దారం. తాపీ మేస్త్రి గోడ కట్టేటప్పుడు దారానికి గుండు వేలాడదీసి చూస్తాడు గదా, అదే. దారానికి చిన్న రాయి కట్టి కంటి ముందు వేలాడదీస్తే, మనిషి చెవి కింద భుజం ఉందా, భుజం కింద మడమ ఉందా, ఎవరు ఒంటికాలి మీద బరువేసి నిలబడ్డారు అన్నీ తెలిసిపోతాయి. ఒంటికాలి మీద బరువేస్తే ఆ కాలి మడమ మెడగుంటకు నిట్టనిలువునా కిందికి వస్తుంది. మన వాచ్‌మన్ తాత గేటు దగ్గర నిలబడినప్పుడు చూసాను, కరెక్టుగా వచ్చింది.

దూరం సంగతి చెపుతానన్నాను. స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి కరెంటు స్తంభాల్ని పెన్సిలుతో కొలవండి. 50 అడుగుల దూరంలో ఉన్న స్తంభం పెన్సిలు మీద ఎంత ఉంటుందో, 100 అడుగుల దూరంలోది అందులో సగం ఉంటుంది. దూరం రెండింతలైతే కనిపించే ఎత్తు సగం. ఒకప్పుడు ఇక్కడ బొగ్గింజన్ల షెడ్డు ఉండేదని, ఎప్పుడూ పొగేనని ముసలివాళ్ళు చెపుతారు. అప్పుడైతే ఈ కొలతలు పొగలో కనపడేవి కాదేమో. ఇప్పుడు అంతా స్పష్టంగానే ఉంది. కొలిచేటప్పుడు మాత్రం పసుపు గీతకు ఇవతలే నిలబడండి.

ఈ కొలతలు దొరలే కనిపెట్టారు అనుకోవద్దు. జర్మనీలో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అనే చిత్రకారుడు 1525లో కొలతల మీద పుస్తకం అచ్చు వేశాడు, నిజమే. చట్రానికి గళ్ళుగా దారాలు కట్టి అందులోంచి చూసి గీసే బొమ్మ కూడా ఆ పుస్తకం రెండో ముద్రణలో ఉంది. కానీ మన శిల్పులకు అంతకు ముందు నుంచే తాళం అనే కొలత ఉంది. నుదుటి మీద జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా ఒక తాళం. అదే అరచెయ్యి పొడుగు కూడా. దాన్ని 12 అంగుళాలు చేశారు. స్కేలు మీద అంగుళం కాదు, వేలి వెడల్పు. దేవుడి విగ్రహాన్ని తొమ్మిది తాళాలు చేస్తే 108 అంగుళాలు. దాన్ని నవతాళం అంటారు. ఇది చదివినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయనకు చదువు రాదు. చేపలు పట్టే వెదురు బుట్ట అల్లేటప్పుడు జానెడు, బెత్తెడు, మూరెడు అని చేత్తోనే కొలుస్తాడు. జానెడంటే 12 అంగుళాలే. మా యానాదుల బుట్టకీ, గుళ్ళో విగ్రహానికీ కొలత ఒక్కటే అని తెలిసి నాకు చానా సంతోషమైంది. ఈసారి సెలవులకు పోయినప్పుడు చెప్పితే ఆయన నవ్వి, చెయ్యి అనేది అందరికీ ఒకటే గదా అన్నట్టు చూసి మళ్ళీ అల్లుకున్నాడు.

రామారావు గారి గొప్పతనం ఏమంటే, బొంబాయిలో దొరల కొలత నేర్చుకుని కూడా దొరల బొమ్మలు వెయ్యలేదు. ఆ రోజుల్లో కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూరు, నందలాల్ బోసు గార్లు పలచని రంగులతో కొత్త పద్ధతి తెచ్చారు. దేశమంతా దాని వెంట పోయింది. మచిలీపట్నం జాతీయ కళాశాలలో కూడా అదే నేర్పారు. రామారావు గారికి అది ఇష్టమే, కానీ అచ్చు అట్టాగే వెయ్యలేదు. కథ మన దేశానిది, మనుషులు మన మనుషులు, ఒంటి కొలత మాత్రం చూసి నేర్చుకున్నది. అందుకే వీరి బొమ్మల్లో ఆడవాళ్ళు నిజంగా బరువుగా నేల మీద నిలబడినట్టు ఉంటారు. నందిపూజ, పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం అనేవి వీరి పేరున్న చిత్రాలు.

ఋష్యశృంగుడి బొమ్మకు 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. ఋష్యశృంగుడంటే అడవిలో తండ్రి దగ్గర ఒక్కడే పెరిగిన ముని కుమారుడు. ఆడమనుషుల్నే చూసి ఎరగడు. వానలు లేని రాజ్యంవాళ్ళు అతణ్ణి తీసుకొస్తే వానలు పడతాయని ఆడవాళ్ళను పంపించి మాయ చేసి పట్నానికి తెచ్చుకుంటారు. రాజ్యానికి వాన పడింది, బాగానే ఉంది. అడవిలో ఆ పిల్లవాడి తండ్రి సాయంత్రం ఇంటికొచ్చి ఎంత వెతుక్కున్నాడో అని నాకనిపిస్తుంది. 1924లో లండను దగ్గర వెంబ్లీలో జరిగిన పెద్ద ప్రదర్శనకు కూడా వీరి చిత్రాలు వెళ్ళాయి.

పేరు వచ్చాక చానా మంది బొంబాయిలోనో కలకత్తాలోనో ఉండిపోతారు. వీరు రాజమండ్రి వచ్చేశారు. 1922, 1923 ఆ ప్రాంతంలో అక్కడే చిత్రకళాశాల పెట్టారు. స్నేహితులు, శిష్యులు చేరారు. ఇంకో మాట, ఇది ఆడపిల్లలు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. వీరు తన భార్య సత్యవాణి గారికి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారికి కూడా చిత్రకళ నేర్పారు. 100 ఏళ్ళ కిందట, ఆడవాళ్ళకు అక్షరాలే నేర్పని కాలంలో! వాళ్ళిద్దరి బొమ్మలు కూడా మంచి పేరు తెచ్చుకున్నాయి.

అంతా బాగా జరుగుతున్నప్పుడు 1925లో రామారావు గారికి మశూచి సోకింది. మనవాళ్ళు అమ్మవారు పోసింది అంటారు. ఒళ్ళంతా పొక్కులు లేచి జ్వరంతో ఎంతోమంది చనిపోయేవారు. ఇంగ్లండులో జెన్నర్ 1796లోనే టీకా కనిపెట్టినా ఆ జబ్బు మన దేశం వదిలి పోవడానికి 1975 దాకా పట్టింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రామారావు గారు బతికి ఉంటే ఇంకా ఎన్ని వేసేవారో.

మా అవ్వకు కూడా చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ఆమె బతికింది. మొహం నిండా గుంటలు మిగిలాయి. అవ్వ నిరుడు చనిపోయింది. ఆమెది పెద్ద ఫోటో లేదు. పింఛను కాగితాలకు తీయించిన పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే ఉంది. ఇంట్లో పటం కట్టుకునేదానికి అది చాలదు. స్టూడియోలో పెద్దది చేయిస్తే మసకగా వచ్చింది, మొహం తెలీడం లేదు. అందుకని గళ్ళ పద్ధతిలో గీద్దామనుకున్నాను. ఆ ఫోటో వెడల్పు 3.5 సెంటీమీటర్లు, ఎత్తు 4.5 సెంటీమీటర్లు. ఫోటో పాడవుతుందని దాని మీద గీయలేదు. పలచని ప్లాస్టిక్ కవరు మీద అర సెంటీమీటరు గళ్ళు గీసి ఫోటో మీద పెట్టాను. అడ్డం 7, నిలువు 9, మొత్తం 63 గళ్ళు. చార్టు మీద 4 సెంటీమీటర్ల గళ్ళు గీశాను. అంటే 8 రెట్లు. ఇక అవ్వ మొహం అని చూడకూడదు. ఒక్కో గడిలో గీత యాడ మొదలైంది, యాడ దాటింది అని మాత్రమే చూడాలి. అట్టా చూస్తేనే వస్తుంది. కన్ను అనుకుంటే చెయ్యి మనకు తెలిసిన కన్ను గీసేస్తుంది.

గీతలన్నీ చెరిపేసరికి అవ్వ వచ్చింది. కానీ గుంటలు రాలేదు. ఫోటోలో అంత వెలుగు పడి గుంటలు కనపడలేదు. ఏ గడిలోనూ లేవు. అమ్మ చూసి, వద్దులే, అట్టాగే ఉండనీ, నున్నగా బాగుంది అనింది. నాయన చానాసేపు చూసి, మా అమ్మ ఇది కాదని లేచి బయటికి పోయాడు. నేను రెండు రోజులు ఆగినాను. తర్వాత చెయ్యి పట్టుకుని నడిపించిన అవ్వ మొహం గుర్తు తెచ్చుకుని, ఎడమ బుగ్గ మీద ఎక్కువ, ముక్కు మీద మూడు, నుదుట తక్కువ, పెన్సిలు కొనతో పెట్టాను. అవి కొలిచి పెట్టినవి కావు. ఇప్పుడు ఆ పటం మా ఇంట్లో ఉంది. అమ్మ ఏమీ అనలేదు. నాయన మేకు కొట్టాడు.

రామారావు గారు పోయాక వారి బొమ్మలు చెల్లాచెదురు కాకుండా సత్యవాణి గారు కాపాడారు. ఆమె అప్పటికి చిన్న వయసు. అమ్మేసుకుంటే డబ్బులు వచ్చేవి, అమ్మలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు చిత్రకళాశాలను నడిపించారు, ఇంకా ఎంతో మందికి బొమ్మలు నేర్పారు. ఇప్పుడు రాజమండ్రిలో గోదావరి దగ్గర దామెర్ల రామారావు స్మారక చిత్రశాల ఉంది. ప్రభుత్వం వాళ్ళే చూసుకుంటున్నారు. వీరి చిత్రాలు, స్కెచ్ పుస్తకాలు అక్కడ ఉన్నాయి. పిల్లలు పోయి చూడవచ్చు. రాజమండ్రి పోయే బండ్లు మన ముందర నుంచే పోతాయి గదా, విహారయాత్ర ఈసారి అటు పెట్టమని హెచ్.ఎం. మేడమ్‌ని అందరం కలిసి అడుగుదాం.

ఈ కాగితం పక్కన అంటించిన రామారావు గారి బొమ్మ నేనే గళ్ళ పద్ధతిలో వేశాను. పుస్తకంలో ఫోటో చూసి 48 గళ్ళు, 5 రెట్లు. దగ్గరకు వచ్చి చూస్తే చెరిపిన గీతలు కొంచెం కనపడతాయి. చూడండి, కానీ చేత్తో రుద్దవద్దు, పెన్సిలు అంటుకుంటుంది. ప్లాస్టిక్ గళ్ళ కవరు లైబ్రరీ బీరువాలో పెట్టాను, కావలసినవాళ్ళు సంతకం పెట్టి తీసుకోవచ్చు.

– 9వ తరగతి విద్యార్థిని